రేవు పనికి తొలి మెట్టు

ఏళ్లపాటు భావనపాడు పేరుతో నలిగిన ఓడరేవుకు 2023 ఏప్రిల్ 19న శ్రీకాకుళం జిల్లా మూలపేట దగ్గర శంకుస్థాపన జరిగింది. మరి ఆ జిల్లాలోని టెక్కలి, పలాస కుర్రాళ్లకు అందులో చోటేది?

రేవులో క్రేన్ నడపడం, రిగ్గింగ్, ఎలక్ట్రికల్ మరమ్మతు వంటి పనులుంటాయి. అక్కడ ఐటీఐ, డిప్లొమా అక్కరకొస్తాయి. ఓడెక్కే దారి వేరు. పదో తరగతి పాసై, కేంద్ర నౌకాయాన డైరెక్టరేట్ (డీజీ షిప్పింగ్) గుర్తింపున్న సంస్థలో 6 నెలల జీపీ (జనరల్ పర్పస్) రేటింగ్ కోర్సు చేసి, ఓడలో చేసిన సర్వీసు నమోదయ్యే సీడీసీ పుస్తకం తీసుకోవాలి. మొదట ట్రైనీ, ఆ తర్వాత ఆర్డినరీ సీమన్, ఏబుల్ సీమన్, ఆపైన డెక్ సిబ్బందికి పెద్ద అయిన బోసన్. పై మెట్టెక్కించేవి సముద్రంలో గడిపిన నెలలు, పాసైన పరీక్షలు. అందుకే ఓడ దిగిన ప్రతిసారీ సీడీసీలో నమోదు సరిచూసుకోవాలి.

గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి చేపల బోట్లలో వల లాగి వచ్చినవాళ్లకు సముద్రం కొత్తేం కాదు. కాగితం లేని ఆ అనుభవం మాత్రం ఓడ కంపెనీ లెక్కలోకి రాదు. అన్యాయంగానే తోస్తుంది.

ఇక ఏజెంట్ల సంగతి. ఆర్‌పీఎస్‌ఎల్ (నావికులను ఓడలకు కుదిర్చే) లైసెన్సున్న ఏజెన్సీ ఓడ ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర రుసుము తీసుకోకూడదు. ఓడ కాకుండా గల్ఫ్‌లో వెల్డర్ పనికైతే, విదేశాంగ శాఖలో నమోదైన ఏజెంటు రూ.30,000, దానిపై జీఎస్టీ మించి అడగకూడదు. లక్షలు అడిగి, రసీదు మాటెత్తగానే ముఖం చాటేసేవాడికి పాస్‌పోర్టు చేతికివ్వకపోవడమే మంచిది.