బంతులు ఎగరేస్తూ పరుగు – కొత్తగా నేర్చుకునేవారికి సూచనలు

మూడు బంతులను ఒకదాని వెంట ఒకటి ఎగరేసి పట్టుకునే ఆటను మనమందరం సర్కసులో చూసినవారమే. ఆ ఆట ఆడుతూనే పరుగెత్తడం కొన్ని దేశాలలో ఒక వ్యాయామం. జాగింగ్, జగ్లింగ్ అనే రెండు మాటలు కలిపి దీనికి 'జాగ్లింగ్' అని పేరు పెట్టారు. 2007లో కెనడాలోని టొరంటో నగరంలో మీఖల్ కాప్రల్ అనే ఆయన మూడు బంతులు ఎగరేస్తూ 42.195 కిలోమీటర్ల మారథాన్‌ను 2 గంటల 50 నిమిషాల 12 సెకన్లలో పూర్తి చేశారు.

ఇది విని మన పిల్లలకు, యువకులకు ఉత్సాహం కలగడం సహజమే. అయితే చూపు బంతి మీద, కాలు రాయి మీద పడితే చివరకు రావలసింది మా డ్రెస్సింగ్ రూముకే. అందుచేత మేము చెప్పే మొదటి మాట ఇది: బంతి పడితే నష్టం లేదు, మనిషి పడకూడదు.

ముందు చేతులు

అచ్చనగాయలు ఆడిన మన అమ్మమ్మల చేతులకు ఈ పని పూర్తిగా కొత్తదేమీ కాదు. రబ్బరు బంతులైతే దొర్లిపోతాయి. పాత సాక్సులో పెసలు గానీ కందులు గానీ పోసి, అరచేతిలో ఇమిడేటట్లు గట్టిగా కుట్టుకోండి. ఇవి పడినచోటే ఉంటాయి.

మంచం ముందు నిలబడి సాధన చేస్తే ప్రతిసారీ నేల వరకు వంగనక్కరలేదు. మొదట ఒకే బంతిని ఒక చేతి నుండి మరో చేతికి కంటి ఎత్తులో ఎగరేయండి. తరువాత రెండు. మొదటి బంతి పైకి చేరి ఆగే క్షణంలో రెండవది వదలాలి. ఇది కుదిరాకే మూడవది. చేతుల వైపు చూడకండి, బంతులు పైకి చేరే చోటును చూడండి.

రోజుకు పది నిమిషాలు చాలు, కానీ మానకూడదు. 2004లో జర్మనీ పరిశోధకులు, మూడు నెలలు ఈ ఆట నేర్చుకున్నవారి మెదడులో కదిలే వస్తువులను గమనించే భాగం కొద్దిగా పెరిగినట్లు స్కానింగులో చూశారు. సాధన మానిన తరువాత ఆ పెరుగుదల తగ్గింది.

తరువాత కాళ్ళు

నిలబడి వరుసగా యాభై సార్లు పట్టగలిగితే, ఉన్నచోటనే అడుగులు వేస్తూ ప్రయత్నించండి. ఒక అడుగుకు ఒక బంతి. ఎడమ కాలు నేలకు తగిలినప్పుడు కుడి చేయి, కుడి కాలికి ఎడమ చేయి. నడకలో మన చేతులు ఊగేదీ ఇలాగే కనుక కొద్ది రోజులలో తాళం కుదురుతుంది. ఆ తరువాత నడక, చివరకు పరుగు.

పరుగులో మోచేతులు వంచి, బంతులను తక్కువ ఎత్తులోనే వేయండి. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక చొప్పున మొదలుపెట్టి, వారానికి మూడు రోజులు చేయండి. పరుగెత్తుతూ మాట్లాడగలిగితే ఆ వేగం సరైనది. గుంతలు లేని బడి మైదానం మంచిది, రోడ్డు మీద వద్దు. బంతి జారితే దానికోసం పక్కకు దూకకండి. వేగం తగ్గించి, ఆగి, వెనుక ఎవరూ లేరని చూసుకుని తీసుకోండి.

ఎవరు జాగ్రత్తపడాలి?

బి.పి., గుండె జబ్బు, మోకాళ్ళ నొప్పులు ఉన్నవారు, గర్భిణులు, చాలాకాలంగా వ్యాయామం లేని నలభై దాటినవారు ముందుగా డాక్టరుగారిని అడగాలి. షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారు ఈ పరుగు జోలికి పోవద్దు. చూపు పైన ఉన్నప్పుడు కింద రాయి కనబడదు, గుచ్చుకున్నా తెలియదు. చిన్న పుండే పెద్దదై కాలికి ముప్పు తెస్తుంది. ఇన్సులిన్ తీసుకునేవారు ఏ వ్యాయామానికి వెళ్ళినా జేబులో గ్లూకోజ్ గానీ చక్కెర గానీ ఉంచుకోవాలి. ఛాతీలో నొప్పి, తల తిరగడం, ఊపిరి అందకపోవడం కలిగితే వెంటనే ఆపి ఆసుపత్రికి రండి.

పెద్దవారికి పడిపోవడమంటే తుంటి ఎముక విరగడం, నెలల తరబడి మంచాన ఉండడం. అలాగని వారు ఆటకు దూరం కానవసరం లేదు. చేతులున్న కుర్చీలో కూర్చుని పలుచని చేతిరుమాలు ఎగరేసి పట్టుకోవచ్చు. అది మెల్లగా దిగుతుంది కాబట్టి పట్టుకోవడం తేలిక. చేతులకు, చూపుకు మంచి కసరత్తు.

మూడు బంతులతో పరుగెత్తగలిగేది కొందరే కావచ్చు. ఒక్క బంతితో ఆగినా, నడకతో ఆగినా అదీ వ్యాయామమే. మీ వయసుకు, మీ ఒంటికి తగిన మెట్టు దగ్గర నిలబడి, ఇంటిల్లిపాదీ కలిసి ఆడండి.