తుఫానుకు బారసాల

ఏమర్రా, వ్యాకరణం పుస్తకం ముందేసుకుని అలా దిగాలుగా కూర్చున్నారేం? జాతివాచకం ఏదో, సంజ్ఞావాచకం ఏదో తేలడం లేదా? దాన్ని కాసేపు మూసి ఇలా రండి. తుఫానుల కబుర్లు చెప్పుకుందాం.

బంగాళాఖాతంలో నీళ్లు వేడెక్కి, తేమ నిండిన గాలి పైకి లేస్తూ ఉంటే ముందు అల్పపీడనం ఏర్పడుతుంది. అది బలపడితే వాయుగుండం, ఇంకా ముదిరితే తీవ్ర వాయుగుండం. అప్పటిదాకా దానికి పేరుండదు. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరి తుఫాను అయిందో, ఢిల్లీలోని వాతావరణ శాఖవాళ్లు బారసాల చేసేస్తారు. పేర్లు వెతుక్కునే పని లేదు. 2020లో 13 దేశాలు తలా 13 పేర్లు ఇచ్చి 169 పేర్ల జాబితా సిద్ధం చేసి పెట్టాయి. వరసలో ఏ పేరు వస్తే అదే.

'తుఫాను' అంటే ఆ జాతికంతటికీ చెల్లే మాట. నిరుడు వచ్చిందీ తుఫానే, రేపు రాబోయేదీ తుఫానే. ఇది జాతివాచకం. 'హుద్‌హుద్' అన్నామా, 2014 అక్టోబరు 12న విశాఖ మీద విరుచుకుపడిన ఆ ఒక్కటే. అది సంజ్ఞావాచకం. సముద్రంలో ఒకేసారి రెండు తుఫానులు తిరుగుతున్నప్పుడు రేడియోలో ఉత్త 'తుఫాను' అంటే ఏది ఎటు వస్తోందని వేటకెళ్లే మత్స్యకారులు తికమకపడరూ? పేరు అందుకే.

మన సముద్రాల్లో ఈ పద్ధతి 2004లో మొదలైంది. 1977 నవంబరు 19న కృష్ణా జిల్లాను ముంచి వేలమందిని పొట్టన పెట్టుకున్న తుఫానుకు ఏ శాఖా పేరు పెట్టలేదు. జనమే దాన్ని 'దివిసీమ ఉప్పెన' అని పిలుచుకున్నారు. నేటికీ అదే పేరు.

ఇప్పుడు అసలు చిక్కు. హుద్‌హుద్ అంటే తలమీద కుచ్చు ఉన్న ఒక పిట్ట. ఆ పేరు ఒమన్ ఇచ్చింది. 2018లో శ్రీకాకుళాన్ని అతలాకుతలం చేసిన 'తిత్లీ' అంటే సీతాకోకచిలుక. మనదేశం మొదట్లో ఇచ్చినవేమో అగ్ని, ఆకాశ్, జల్, వాయు. అన్నీ మామూలు మాటలే! ఒకదానికి గుర్తుగా తగిలించగానే పేర్లయి కూర్చున్నాయి. కొలనులో పద్మం వేరు, పక్కింటి పద్మ వేరు కదా. కాబట్టి మాటను చూసి తేల్చేయకండి, అక్కడ దేన్ని పిలుస్తున్నారో చూడండి. ఇంగ్లీషులో అయితే మొదటి పెద్ద అక్షరమే పట్టిచ్చేస్తుంది. మన లిపిలో ఆ వెసులుబాటు లేదు. నన్నడిగితే అదే మేలు, బుర్రకు కాస్త పని తగులుతుంది.

ఏమంటున్నావురా చిన్నోడా, మీ క్లాసులో ఇద్దరు రాములున్నారా? ఉంటే ఉండనీ, అది జాతివాచకం అయిపోదు. 'పిల్లి' అనగానే దాని మీసాలు, తోక, మ్యావు తెలిసిపోతాయి. 'రాము' అంటే పొడుగో పొట్టో, చురుకో బద్ధకమో ఏం తెలుస్తుంది? ఇద్దరికీ విడివిడిగా పెట్టిన పేరు ఒకటే అయింది, అంతే. మాస్టారు ఇంటిపేరుతో పిలుచుకుంటారు. తుఫానులకు ఆ ఇబ్బంది కూడా లేదు. మన జాబితాలో ఒకసారి వాడిన పేరు మళ్లీ వాడరు.