సూరత్‌లో దొరకని చేయి

పాతికేళ్లుగా నా జేబులో రెండు పుస్తకాలుంటాయి: ఒకటి వార్తలకు, రెండవది బొమ్మలకు. సభలో చూచిన ముఖాన్ని రాత్రి బసలో జ్ఞాపకం నుంచి గీస్తాను, రోజుకొకటి. నాయకుల ముక్కులు సులభంగానే వస్తాయి. చేతులే లొంగవు, ఊపడమే తప్ప వాటితో పనిచేయగా చూడలేదు గనుక కాబోలు!

సూరత్ అనగానే రాజకీయ పాఠకులకు 1907 నాటి కాంగ్రెసు చీలిక గుర్తుకు వస్తుంది. నాకు మాత్రం ఆ జిల్లాలోని హరిపురా. 1938లో సుభాష్‌బాబు అధ్యక్షత వహించిన మహాసభకు, గాంధీజీ కోరికపై, నందలాల్ బోసు పల్లె జనాన్నే పటాలకెక్కించాడు: దర్జీ, డోలు వాయించేవాడు, దూది ఏకేవాడు. సుమారు నాలుగు వందల పటాలలో ఎనభైకి పైగా స్వహస్తంతో వేసినవి. ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలలో వాటిముందు నిలిచినప్పుడల్లా నా పుస్తకం జేబులోనే ఉండిపోతుంది. ఒక్క గీతకే అక్కడ భుజం వంగుతుంది.

మొన్న సూరత్ లింబాయత్‌లో, మరమగ్గాల మోతలో తెలుగు మాట వినిపించి ఆగాను. ఒక పద్మశాలి కార్మికుణ్ణి గంటసేపు గీశాను. ఆయన తొంగి చూచాడు.

“మగ్గం మంచిగనే ఉన్నది సారూ. తెగిన పోగు ముడేసే చెయ్యేది?”

ఆ రాత్రి బసలో ఏడు చేతులు గీశాను. ఏడవదాని బొటనవ్రేలు కొంచెం వంగింది.