టైరు గీత చెప్పే సాక్ష్యము
అబిడ్స్ నుండి నాంపల్లి స్టేషనుకు పోయే దారిలో ఒక కారు పాదచారిని ఢీకొన్నదనుకొందాము. "మెల్లగానే వచ్చితి"నని డ్రైవరు అంటాడు. నిజము రోడ్డుమీది నల్లని గీతలో ఉన్నది.

చక్రములు బిగుసుకొని జారునప్పుడు కారు చలనశక్తి ఘర్షణవలన ఉష్ణముగా మారుతుంది. కారు గీత చివర ఆగినచో, సమతలమైన రోడ్డుపై వేగవర్గము = 2 × ఘర్షణ గుణకము × గురుత్వ త్వరణము × గీత పొడవు. కారు బరువుతో పనిలేదు.

గీత 20 మీటర్లు, పొడి తారురోడ్డుకు గుణకము 0.7 అయితే వేగము గంటకు సుమారు 60 కిలోమీటర్లు. రోడ్డు తడిసి గుణకము 0.4 అయితే, అదే గీతకు 45 మాత్రమే!

1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము మూడవ పక్షపు బీమా తప్పనిసరి. 166వ సెక్షను క్రింద పరిహారము కోరువారు డ్రైవరు నిర్లక్ష్యమును చూపవలెను. కాబట్టి గీత చెరిగిపోకముందే దానిని కొలిచి, రోడ్డు తడియో పొడియో వ్రాసుకొనవలెను. ఆ ఒక్క మాట మరచినచో లెక్క తప్పును, న్యాయమూ తప్పును.