ఆఫీసు కంప్యూటరు గురించి అడగవచ్చా?

సాలూరు పేరు వినగానే ఉత్తరాంధ్ర వారికి ముందుగా లారీలు గుర్తుకు వస్తాయి. విశాఖ, విజయనగరాల నుంచి ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల వైపు సాగే జాతీయ రహదారి ఘాటీ ఎక్కడానికి ముందు ఈ ఊరి మీదుగానే పోతుంది. లారీ బాడీలు కట్టే షెడ్లు, మెకానిక్కులు, టైర్ల దుకాణాలు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు ఈ ఊరికి జీవనాధారం. ఇక్కడి షెడ్డులో పని నేర్చుకునే కుర్రవాడు మేస్త్రీని రోజంతా ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాడు. బ్రేకు ఎందుకు పట్టడం లేదు, గేరుబాక్సు విప్పితే ముందు ఏది తీయాలి, ఈ నట్టు ఎంత బిగించాలి? అతణ్ణి ఎవరూ అనుమానించరు. పైగా అడగని కుర్రవాణ్ణి చూసి “వీడికి పని మీద ధ్యాస లేదు” అంటారు.

అదే ఇంట్లో చదువుకున్న తమ్ముడో చెల్లెలో ఒక బ్యాంకులోనో ఆస్పత్రిలోనో, లేదా ఈ-వే బిల్లులు తీసే ట్రాన్స్‌పోర్టు ఆఫీసులోనో కంప్యూటరు ముందు కూర్చుంటారు. మొదటి నెలలోనే సహజమైన కుతూహలంతో అడుగుతారు: “ఈ వివరాలన్నీ ఎక్కడ భద్రపరుస్తారు? అడ్మిన్ పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంటుంది? ఇంటి నుంచి కూడా తెరుచుకుంటుందా?” పక్క కుర్చీలోని మనిషి తల ఎత్తి చూస్తాడు. “నీకెందుకు ఇవన్నీ?” అన్న మాట వినపడుతుంది. ఆ రోజుతో ప్రశ్నలు ఆగిపోతాయి.

ముస్లిం కుటుంబాలలో ఈ జంకు మరికొంత ఎక్కువ. ఉద్యోగానికి బయలుదేరే కొడుకుతో “నీ పని నువ్వు చూసుకో, ఎవరినీ ఏమీ అడగకు బేటా” అని చెప్పే తల్లులు ఎందరో ఉన్నారు. వారి భయాన్ని తేలికగా కొట్టివేయలేము. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలిన తరువాత పోలీసులు పట్టుకుపోయిన ముస్లిం యువకులలో పలువురు, ఆ తరువాత న్యాయస్థానాలలో నిర్దోషులుగా బయటపడ్డారు. పేరును బట్టి చూపు మారుతుందన్న అనుభవం సమాజంలో ఉన్నప్పుడు తల్లి జాగ్రత్త చెప్పడం సహజమే. అయితే మౌనానికి కూడా ఒక వెల ఉంటుంది. ఆ వెల గురించి మన ఇళ్లలో మాట్లాడుకోవడం తక్కువ.

దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలంలో జరిగిన ఒక విషాదం అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ప్రయాణంలో ఒక వ్యక్తి తలకు రాయి తగిలి గాయమైంది. అతనికి స్నానం విధి అయినప్పుడు, తయమ్ముమ్ చేసుకోవచ్చునా అని తోటివారిని అడిగాడు. వారికి సరైన జ్ఞానం లేకపోయినా, నీళ్లు ఉన్నాయి గనుక వీలులేదని చెప్పివేశారు. అతడు స్నానం చేశాడు, ఆ గాయం వల్ల మరణించాడు. ఈ సంగతి తెలిసి దైవప్రవక్త (స) ఎంతో బాధపడ్డారు. తెలియనప్పుడు వారు ఎందుకు అడగలేదని మందలించారు; అజ్ఞానానికి మందు అడగడమేనని బోధించారు. గాయపడిన మనిషి అడిగాడు, సమాధానం చెప్పినవారే అడగలేదు. కార్యాలయాలలో కూడా తరచుగా జరిగేది ఇదే. కొత్తగా చేరినవారు అడుగుతారు, పాతవారు తెలియకపోయినా తేల్చి చెప్పేస్తారు.

హైదరాబాదులోని ఏపీ మహేష్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకులో జరిగిన సంగతి ఈ విషయంలో అందరూ తెలుసుకోదగినది. 2022 జనవరిలో దొంగలు ఆ బ్యాంకు కంప్యూటరు వ్యవస్థలోకి ప్రవేశించి సుమారు 12 కోట్ల 48 లక్షల రూపాయలను ఇతర ఖాతాలకు మళ్లించారు. గోడకు కన్నం వేయలేదు, తాళం పగలగొట్టలేదు. అంతకు కొన్ని వారాల ముందు బ్యాంకు సిబ్బందికి సుమారు 200 మోసపూరిత ఈమెయిళ్లు పంపారని, వాటిని ఇద్దరు తెరిచారని పోలీసు దర్యాప్తు వెల్లడించింది. అపరిమిత అధికారాలు గల ఖాతాల నిర్వహణలోను, భద్రతా ఏర్పాట్లలోను బ్యాంకు వైపు లోపాలు ఉన్నాయని కూడా పోలీసులు చెప్పారు. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా విధించింది.

ఈ ఉదంతం రెండు వైపులా చూపిస్తుంది. ఆ ఈమెయిలు తెరిచే ముందు “ఇది మనవాళ్లు పంపినదేనా?” అని ఐటీ విభాగాన్ని అడిగి ఉంటే ఎంత బాగుండేదో ఊహించండి. మరొక వైపు, కంప్యూటరు గురించి ఎవరైనా లోతుగా అడిగినప్పుడు పై అధికారి ఉలిక్కిపడటానికి కూడా కారణం ఉంది. లోనికి రాదలచిన దొంగ కూడా మొదట ప్రశ్నలతోనే వస్తాడు. కొత్త ఉద్యోగినని, మరమ్మతు చేసే కంపెనీ వాడినని, హెడ్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానని చెప్పి, ఏ సాఫ్ట్‌వేరు వాడుతున్నారు, పాస్‌వర్డు ఎన్నాళ్లకు మారుస్తారు, రాత్రివేళ ఎవరు ఉంటారు అని ఒక్కొక్క సంగతి రాబట్టుతాడు. అధికారి చెవికి నేర్చుకోవాలనుకునేవాడి ప్రశ్న, దోచుకోవాలనుకునేవాడి ప్రశ్న ఒకేలా వినిపిస్తాయి. ఆ రెంటినీ వేరు చేసేది అడిగేవాడు తన ఉద్దేశ్యాన్ని ముందుగా చెప్పడమే.

దీనికి దైవప్రవక్త (స) ఆచరణలోనే చక్కని నిదర్శనం ఉంది. రమజాను చివరి రోజులలో ఆయన మసీదులో ఏతెకాఫ్ పాటిస్తున్నారు. సతీమణి హజ్రత్ సఫియ్యా (రజి) చూడవచ్చారు. రాత్రివేళ ఆమెను సాగనంపుతుండగా ఇద్దరు అన్సారీ సహచరులు అటుగా పోతూ నడక వేగం పెంచారు. ఆయన వారిని ఆపి, ఈమె నా భార్య సఫియ్యా అని స్వయంగా చెప్పారు. వారు నొచ్చుకున్నారు, దైవప్రవక్తను మేము అనుమానిస్తామా అన్న భావం వారిది. షైతాను మనసులో ఏదైనా వేస్తాడేమోనని చెప్పానని ఆయన వివరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోను ఈ హదీసు ఉంది. మచ్చలేని వ్యక్తిత్వం గల ఆ మహనీయులే అనుమానానికి తావు రాకముందే సంగతి విడమరిచి చెప్పారు. అలా చెప్పడం వల్ల ఆయన గౌరవం తగ్గలేదు.

ఈ పద్ధతిని కార్యాలయంలో పాటించడం కష్టం కాదు. “సర్వర్ పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంది?” అని అడిగితే ఎవరికైనా సందేహం కలుగుతుంది. “సార్, నెలాఖరు రిపోర్టు తీయడానికి నా లాగిన్‌లో అనుమతి లేదని వస్తోంది. దీనికి ఎవరిని అడగాలి?” అంటే అదే అవసరం తీరుతుంది, సందేహం రాదు. మొదటి ప్రశ్న తాళంచెవి గురించి, రెండవది పని గురించి. అలాగే “పెన్‌డ్రైవ్ పెడితే పట్టుకుంటారా?” అనడానికి, “ఈ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వమంటున్నారు, మన నియమం ఒప్పుకుంటుందా?” అనడానికి ఎంతో తేడా ఉంది. పని ఏమిటో, అడ్డంకి ఏమిటో, తెరపై వచ్చిన సందేశం ఏమిటో చెప్పి, ఆ తరువాత అడగాలి. అడిగేది కూడా బాధ్యత గలవారినే, అంటే పై అధికారినో ఐటీ విభాగాన్నో. టీ కొట్టు దగ్గర సహోద్యోగిని గుసగుసగా అడిగిన ప్రశ్న, ఎంత అమాయకమైనదైనా, చేరవలసిన చెవికి వేరే రూపంలో చేరుతుంది. వీలైనంత వరకు ఈమెయిల్‌లో అడగడం మంచిది. రేపు ఎవరైనా వేలెత్తి చూపితే, ఫలానా తేదీన ఫలానా పని కోసం అడిగానని ఆ రాతే సాక్ష్యం చెబుతుంది. అప్పు ఇచ్చిపుచ్చుకోవడాలను వ్రాసుకొమ్మని దివ్యఖుర్ఆన్ బఖరా సూరాలో ఆదేశించింది. ఆ వివేకం ఇక్కడా పనికివస్తుంది.

అడగడానికి హద్దు లేకపోవచ్చు, చేయి పెట్టడానికి మాత్రం ఉంది. సమాచార సాంకేతిక చట్టం–2000లోని 43వ సెక్షను ప్రకారం, యజమాని లేక బాధ్యుని అనుమతి లేకుండా కంప్యూటరులోకి ప్రవేశించడం, వివరాలు కాపీ చేసుకోవడం నష్టపరిహారానికి దారితీసే తప్పు. అదే పని కుటిల బుద్ధితో చేస్తే 66వ సెక్షను క్రింద మూడేళ్ల వరకు జైలు, అయిదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చట్టం అడిగే మొదటి మాట “అనుమతి ఉందా?” అన్నదే. నూర్ సూరా 27, 28 ఆయతులు ఇతరుల ఇళ్లలోకి అనుమతి పొంది, సలాము చేసి ప్రవేశించమని చెబుతాయి. తిరిగి వెళ్లమంటే తిరిగి వెళ్లమని కూడా చెబుతాయి. తలుపు కన్నంలోంచి లోపలికి తొంగిచూసిన ఒక వ్యక్తిని దైవప్రవక్త (స) తీవ్రంగా హెచ్చరించి, అనుమతి అడగాలన్న నియమం చూపు కోసమేనని తెలిపారు. కాలు లోపల పెట్టకపోయినా కన్ను పెట్టడం చాలు. “నేను ఏమీ తీసుకోలేదు, ఊరికే చూశాను” అనే సాకును కంప్యూటరు విషయంలో మన పిల్లలు తరచు చెబుతారు. అది ఇక్కడ చెల్లదు. ఇక “అది మీకు చెప్పకూడదు” అని సమాధానం వస్తే, తిరిగి వెళ్లమన్నట్లే. మరో దారిలో ప్రయత్నించకూడదు.

మన రాష్ట్రాలలో సంచలనం కలిగించిన ఒక ఉదంతం ఈ సున్నితమైన గీతను గుర్తు చేస్తుంది. 2010లో హైదరాబాదుకు చెందిన ఇంజనీరు హరిప్రసాద్ వేమూరు, విదేశీ పరిశోధకులతో కలిసి ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రంలోని లోపాలను ప్రదర్శించారు. ఆ ఏడాది ఆగస్టు 21న మహారాష్ట్ర పోలీసులు ఆయనను హైదరాబాదులోని ఇంటి వద్ద అరెస్టు చేశారు. యంత్రం గురించి ఆయన లేవనెత్తిన ప్రశ్న కన్నా, ఆ యంత్రం ఆయన చేతికి ఎలా వచ్చిందన్నదే కేసు అయింది. తరువాత ఆయన బెయిలుపై విడుదలయ్యారు. 2013లో సుప్రీం కోర్టు ఓటు పడిన తీరును కాగితంపై చూపే ఏర్పాటు ప్రవేశపెట్టమని ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది. ఆ పరిశోధన ప్రజలకు మేలు చేసిందని భావించేవారు ఎందరో ఉన్నారు. అయినా నెల జీతంపై ఇల్లు నడిపే మన పిల్లలు అటువంటి సాహసానికి దిగనవసరం లేదు. పనిలో అనుకోకుండా ఏదైనా లోపం కంటపడితే, ఉదాహరణకు మరొకరి జీతం వివరాలు తమ లాగిన్‌లో కనిపిస్తే, అక్కడే ఆగాలి. “ఇంకా ఎంతవరకు కనిపిస్తుందో చూద్దాం” అని మరో మెట్టు దిగకూడదు, ఫోటో తీసి స్నేహితులకు పంపకూడదు. వెంటనే పై అధికారికి రాయాలి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల ప్రకారం సైబరు దాడుల వంటి సంఘటనలను ఆరు గంటలలోగా తెలియజేయవలసిన బాధ్యత సంస్థలపై ఉంది. ఆలస్యం చేసే ఉద్యోగి యజమానిని కూడా చిక్కులో పడవేస్తాడు.

ఇటీవల మరొక దారి తెరుచుకుంది. ఆఫీసులో అడగడానికి జంకిన ప్రశ్నను చాలామంది చాట్‌జీపీటీ వంటి వాటిని అడుగుతున్నారు. సాధారణ విషయం నేర్చుకోవడానికి అది మంచిదే. కానీ ఆఫీసు తెర ఫోటోను, ఖాతాదారుల జాబితాను, సాఫ్ట్‌వేరు కోడును అందులో పెట్టడం అమానతును బయట పెట్టడమే. 2023లో శాంసంగ్ కంపెనీ ఉద్యోగులు ఇలాగే సంస్థ కోడును అందులో పెట్టినట్లు వార్తలు వచ్చాయి. కంపెనీ వాటి వాడకాన్ని నిషేధించింది. లోతుగా నేర్చుకోవాలనే తపన ఉన్నవారు ఇంట్లో ఒక పాత కంప్యూటరు పెట్టుకొని, ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించుకొని, తమ సొంత యంత్రాన్ని ఎన్నిసార్లయినా విప్పి బిగించుకోవచ్చు. సాలూరు షెడ్డులో కుర్రవాడికి పాత ఇంజను ఇచ్చి నేర్పినట్లే ఇది.

ఉద్యోగం చేసే ఆడపిల్లల సంగతి ఒక మాట. మగవారే ఎక్కువగా ఉన్న ఐటీ విభాగాన్ని అడగడానికి సిగ్గుపడి, పక్కవారి లాగిన్‌తో పని కానిచ్చేవారు ఉన్నారు. ఇది అన్నిటికన్నా ప్రమాదం. తప్పు ఎవరు చేసినా ఆ లాగిన్ యజమాని పేరే నమోదవుతుంది. ధర్మం నేర్చుకోవడంలో సిగ్గు అడ్డు రానివ్వని అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారన్న సంగతి వారు గుర్తుంచుకోవాలి. ఈమెయిల్ ద్వారా అడగడం వారికి మరింత అనుకూలం.

అధికారులుగా, యజమానులుగా ఉన్న మన పెద్దలకు కూడా బాధ్యత ఉంది. హుజురాత్ సూరా 12వ ఆయతు అతిగా అనుమానించవద్దని, గూఢచర్యం చేయవద్దని వారిస్తుంది. అడిగిన కుర్రవాణ్ణి “నీకెందుకు?” అని గద్దించే బదులు “దేనికోసం కావాలి?” అని అడిగితే సరిపోతుంది. నిజాయితీ గలవాడు వెంటనే చెబుతాడు. చెప్పలేనివాడి సంగతి అప్పుడు చూడవచ్చు. కొత్తవారికి మొదటి వారంలోనే ఏది ఎవరిని అడగాలో ఒక కాగితంపై రాసి ఇచ్చే ఆఫీసులు చాలా తక్కువ. పది లారీలు నడిపే ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు కూడా అది అరగంట పని.

ఇంత జాగ్రత్త పడినా ఎవరైనా అనుమానిస్తే, కోపం తెచ్చుకొని వాదించడం కన్నా, తాను పంపిన ఈమెయిళ్లు చూపి, తన లాగిన్ నమోదులను పరిశీలించమని తానే కోరడం మేలు. ఉద్యోగం మానే రోజున కూడా లాప్‌టాప్, గుర్తింపు కార్డు అప్పగించి రశీదు తీసుకోవాలి. తన లాగిన్‌లన్నీ ఆ రోజే మూసివేయమని లిఖితపూర్వకంగా కోరాలి.