కాలువ మెట్టు మీద కరెంటు

ప్రకాశం బ్యారేజీ నీళ్లు కొమ్మమూరు కాలువలో చీరాల వైపు వస్తాయి. శివారు రైతుకు ఆ నీళ్లే ప్రాణం. అలాంటి కాలువ నీటితో కరెంటూ తీయొచ్చా?

గోదావరి డెల్టా కాలువపై చెట్టిపేటలో ఏపీ జెన్‌కోకు 1 మెగావాట్ కేంద్రం ఉంది. కాలువ మెట్టు దిగేచోట నీరు టర్బైన్‌ను తిప్పి, మళ్లీ కాలువలోనే కలుస్తుంది. కొత్త డ్యామ్ లేదు, ముంపు లేదు. సాగుకు నీళ్లొదిలినప్పుడే కరెంటు, అంతే.

కొండవాగుల కథ వేరు. అడ్డుకట్ట వేసి నీటిని గొట్టాల్లోకి మళ్లిస్తే కింద వాగు ఎండి రాళ్లు తేలుతాయి, మడుగులు ఇంకిపోతాయి, చేప ఎదురెక్కలేదు.

అయినా 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ 25 మెగావాట్ల లోపు జలవిద్యుత్ కేంద్రాలకు ముందస్తు పర్యావరణ అనుమతి అడగలేదు. కాలువకు ఆ మినహాయింపు సబబే. వాగుకు మాత్రం తీసేయాలి.