తూకం కదలకపోయినా నడక ఆపకండి

తెల్లవారుజామున ఫజ్ర్ నమాజు ముగించుకుని తెనాలి కాలువగట్ల వెంట నడిచేవారున్నారు. బాపట్లలో సాయంత్రం వేళ మైదానం చుట్టూ తిరిగేవారున్నారు. బయటికి వెళ్ళే వీలు లేక రేపల్లెలో ఇంటి డాబా మీదే చుట్లు లెక్కపెట్టుకునే గృహిణులున్నారు. ఊరు ఏదైనా కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినవారి నోట నెల తిరిగేసరికి వినిపించే మాట ఒకటే. "రోజూ నడుస్తూనే ఉన్నాను. అరకిలో కూడా తగ్గలేదు. ఇంకెందుకీ తిప్పలు?"

ఆ నిరాశలోనే చాలామంది నడక మానేస్తారు. మేలు జరగడం మొదలైన సమయంలోనే మానేస్తారు. విచారించవలసిన విషయం ఇదే. ఒంటికి కలిగే లాభం అన్నిసార్లూ తూకంలో కనిపించదు. కనిపించేదైనా ఆలస్యంగా కనిపిస్తుంది. ఈ సంగతి ముందే తెలిస్తే ఓపిక పట్టడం అంత కష్టం కాదు.

లెక్క వేసి చూద్దాం

ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీల శక్తి ఖర్చు కావాలి. మధ్యస్థంగా బరువున్న మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది దాదాపు 140 క్యాలరీలు. అంటే తిండి ఏమాత్రం పెరగకుండా రోజూ నడిచినా, కిలో తగ్గడానికి 55 రోజులు పడుతుంది. నెలకు అరకిలో అన్నమాట. ఉదయం నుంచి సాయంత్రానికి ఒంట్లో నీటి వల్లే కిలో వరకు తేడా వస్తూ ఉంటుంది. ఆ హెచ్చుతగ్గుల్లో ఈ అరకిలో కలిసిపోతుంది.

మరో విషయం. నూరు గ్రాముల అన్నంలో సుమారు 130 క్యాలరీలుంటాయి. నడిచి వచ్చాక ఆకలేసి మరో నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నా, "ఇవాళ నడిచాంగా" అనుకుని దారిలో ఒక జిలేబీ నోట్లో వేసుకున్నా అరగంట కష్టం సరికి సరి అయిపోతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. వ్యాయామం ఆకలిని పెంచడం మామూలే.

అదీగాక, కొత్తగా శ్రమకు అలవాటు పడుతున్న కండరాలు చక్కెరను గ్లైకోజెన్ రూపంలో నిల్వ చేసుకుంటాయి. దానితోపాటు అంతకు మూడు రెట్ల నీటినీ పట్టి ఉంచుతాయి. అందుకే మొదటి వారాల్లో కొందరికి బరువు కాస్త పెరిగినా ఆశ్చర్యం లేదు. అది కొవ్వు కాదు.

బరువు తగ్గకుండానే జబ్బు తగ్గింది

ఇందుకు మన పొరుగునే గట్టి ఆధారం ఉంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్, ఆయన సహచరులు మధుమేహం అంచున ఉన్న 531 మందిని మూడేళ్ళపాటు పరిశీలించారు. వారి సగటు వయసు 46 ఏళ్ళకు అటూఇటుగా ఉంది. అందరినీ నాలుగు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మామూలు సలహాలతో సరిపెట్టారు. ఇంకో జట్టుకు ఆహారం, వ్యాయామం విషయంలో పదే పదే మార్గం చూపారు. ఒంటి శ్రమ లేనివారిని రోజూ అరగంటకు తగ్గకుండా నడవమన్నారు. అప్పటికే నడుస్తున్నవారిని, సైకిలు తొక్కుతున్నవారిని అలాగే కొనసాగించమన్నారు. అన్నం, నూనె తగ్గించి చక్కెర మానమన్నారు. మిగతా రెండు జట్లలో ఒకదానికి మెట్‌ఫార్మిన్ మాత్ర, మరొకదానికి మాత్రతోపాటు ఈ నియమాలూ ఇచ్చారు.

ఫలితాలు 2006లో వెలువడ్డాయి. మామూలు సలహాలతో ఉన్నవారిలో నూటికి 55 మందికి మూడేళ్ళలో మధుమేహం వచ్చింది. నడక, ఆహార నియమం పాటించిన జట్టులో ఆ సంఖ్య 39 మాత్రమే. మాత్ర వేసుకున్నవారిలోనూ ఫలితం ఇంచుమించు ఇంతే. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆ నడిచిన జట్టువారి బరువులో చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు! తూకం ప్రకారం చూస్తే వారు మూడేళ్ళు వృథాగా నడిచినట్టే. రక్తపరీక్ష ప్రకారం చూస్తే ఎంతోమంది జబ్బు నుంచి తప్పించుకున్నారు.

అమెరికాలో ఇలాంటి పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. అక్కడ బరువు తగ్గడమే లక్ష్యంగా పెట్టుకున్నారు, లాభం ఇంకా ఎక్కువగా కనిపించింది. కనుక బరువు తగ్గడం మంచిదే. మోకాళ్ళకూ హాయి. అయితే తగ్గనంత మాత్రాన చేసిన శ్రమ వృథా పోదని చెన్నై అనుభవం చెబుతోంది.

మనకు ఈ సంగతి మరీ ముఖ్యం. 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైమాటేనని, దాని అంచున ఉన్నవారు 13 కోట్లకు పైగా ఉన్నారని అంచనా వేసింది. అంచున ఉన్న మనిషి తూకం చూసి నడక మానుకోవడమంటే, ఒడ్డు చేరకముందే తెడ్డు వదిలేయడమే.

లోపల జరిగేదేమిటి?

కదిలే కండరం రక్తంలోని చక్కెరను తనలోకి లాక్కుంటుంది. అందుకు ఆ సమయంలో ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడదు. ఒకసారి నడిచిన ప్రభావం ఒకటి రెండు రోజుల వరకు ఉంటుంది. అందుకే వరుసగా రెండు రోజులకు మించి ఖాళీ వదలవద్దని వైద్యులు చెబుతారు. కాలేయంలో, పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు కూడా బరువుతో నిమిత్తం లేకుండా కొంత తగ్గుతుంది. రక్తపోటు కొద్దిగా దిగుతుంది. నిద్ర బాగా పడుతుంది. మెట్లెక్కితే ఆయాసం తగ్గుతుంది. వీటిలో దేన్నీ తూకం చూపించలేదు.

సబ్ర్ అంటే చేతులు ముడుచుకోవడం కాదు

ఓపిక పట్టమంటే కళ్ళు మూసుకుని కూర్చోమని అర్థం కాదు. చేసే పని చేస్తూ, సరైన కొలతతో ఎదురుచూడాలి.

మొదటిది, తూకం వారానికి ఒకసారి చాలు. ఒకే రోజు, ఒకే వేళ, పరగడుపున చూసుకోవాలి. రెండవది, నెలకోసారి టేపుతో నడుము కొలత తీసుకోవాలి. మన దేశంలో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలని వైద్యుల మాట. బరువు కదలకపోయినా నడుము ఒక సెంటీమీటరు తగ్గితే సంతోషించవలసిందే. మూడవది, మూడు నెలలకోసారి చక్కెర, రక్తపోటు పరీక్ష చేయించుకుని కాగితం మీద రాసిపెట్టుకోవాలి.

నాలుగవది పళ్ళెం. అన్నం ఒక గరిటె తగ్గించి ఆ చోట కూర, పప్పు పెట్టుకోవాలి. టీలో చక్కెర తగ్గించాలి. ఐదవది నడక కొలత. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. వారానికి రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని కూడా ఉండాలంది. ఇందుకు జిమ్ అక్కర్లేదు. కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి నెట్టడం ఇంట్లోనే చేయవచ్చు.

రంజాన్ నెలలో చాలామందికి ఒకటి రెండు కిలోలు తగ్గుతాయి. పండుగ తర్వాత కొన్ని వారాల్లో మళ్ళీ వచ్చేస్తాయి. తొందరగా తగ్గిన బరువు తొందరగానే తిరిగివస్తుందనడానికి ఇది ఏటా మనం చూసే ఉదాహరణే. ఆ నెలలో ఉపవాస వేళ కఠిన వ్యాయామం వద్దు. ఇఫ్తార్‌లో సమోసాలు, పకోడీలు తగ్గించి, కాసేపయ్యాక తేలిగ్గా నడిస్తే చాలు. మధుమేహానికి మందులు వాడేవారు ఉపవాసాలకు ముందే డాక్టరును అడిగి మోతాదు మార్చుకోవాలి.

ఓపికకు కూడా ఒక హద్దుంది. ఆరు నెలలు తిండి, నడక రెండూ సరిగ్గా పాటించినా నడుము కొలతలో, రక్తపరీక్షలో ఏ మార్పూ లేకపోతే వైద్యుణ్ణి కలవాలి. థైరాయిడ్ లోపం, నెలసరి సరిగా రాని ఆడపిల్లల్లో హార్మోన్ల తేడా, స్టెరాయిడ్ మందులు, ఇన్సులిన్ వంటివి బరువును పట్టి ఉంచవచ్చు. నడుస్తుండగా ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, విపరీతమైన ఆయాసం వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదు.

పొలం నేర్పే ఓపిక

మన పళ్ళెంలోకి వచ్చే సాంబమసూరి పుట్టింది బాపట్ల పరిశోధన క్షేత్రంలోనే. బీపీటీ 5204 పేరుతో 1986లో విడుదలైంది. ఆ పైరు చేతికి రావడానికి దాదాపు ఐదు నెలలు పడుతుంది. నాటిన నెలకే పొలంలో దిగి కంకులు వెతికే రైతు ఈ డెల్టాలో ఎక్కడా ఉండడు. మొదట వేరు పట్టాలి, తరువాత పిలకలు వేయాలి, ఆ తరువాతే పొట్టకు వస్తుందని అతనికి తెలుసు. తెలిసిన రైతు ఆ నెలల్లో నీరు పెడతాడు, కలుపు తీస్తాడు, తెగులు కనిపిస్తే మందు కొడతాడు.

ఒంటి విషయంలోనూ మనం పాటించవలసింది అదే. చిన్నదైనా నిలకడగా చేసే పనిలో బరకత్ ఉంటుందని మన ఇళ్ళలో పెద్దలు చెబుతూనే ఉంటారు. కొత్తగా నడక మొదలుపెట్టిన అన్నయ్యలూ, ఆపాలూ ఈ మాట మరచిపోవద్దు. తూకం ముల్లు ఎక్కడున్నా సరే, రేపు ఉదయం చెప్పులు వేసుకుని బయలుదేరండి.